క్రోమ్ రిమ్ములకు బండి రంగు వేయాలంటే: రుద్దుడే అసలు పని

అనంతపురంలో సెకండ్ హ్యాండ్ కారు కొంటే ఒక్కోసారి క్రోమ్ రిమ్ములు కూడా దాంతోపాటే వచ్చేస్తాయి. ముందు ఓనరు ముచ్చటపడి వేయించుకుని ఉంటాడు. కొన్నాళ్ళు అద్దంలా మెరుస్తాయి, ఆ తర్వాత మన బోరు నీళ్ళు, మన ఎర్రమన్ను, మన ఎండ మూడూ కలిసి వాటి పని పడతాయి. నా ఎర్ర స్విఫ్ట్‌కు అలాంటివే వచ్చాయి. ఒకచోట మచ్చలు, ఒకచోట పొక్కులు, నట్ల చుట్టూ తెల్లటి పిండి. మళ్ళీ క్రోమ్ పోయించే ఓపిక లేదు, బండి రంగే వేసేద్దాం అనుకున్నాను.

మొదటిసారి ఊళ్ళోనే ఒక షాపులో ఇచ్చాను. పొద్దున ఇస్తే సాయంత్రానికి నాలుగూ ఎర్రగా తళతళలాడుతూ చేతికొచ్చాయి, చూడ్డానికి చాలా బాగున్నాయి. మూడో నెలలో పంచరు పడింది. పంచరు షాపు పిల్లోడు టైరు విప్పడానికి కడ్డీ పెట్టి ఎత్తగానే తమలపాకంత రంగు ముక్క ఊడి కింద పడింది. "ఏందన్నా ఇది, పొరలు పొరలుగా లేస్తాంది" అన్నాడు. ఆ ముక్క చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూస్తే వెనకవైపు అద్దంలా నున్నగా ఉంది. అంటే రంగు క్రోమ్‌ను పట్టుకోనే లేదు, దాని మీద ఊరికే కూర్చుంది అంతే.

ఆ తర్వాత నాలుగూ విప్పి, ముప్పై ఏళ్ళుగా టింకరింగ్, పెయింటింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయి అడిగాను. "రంగు కొట్టేది ఆఖర్న గంట పని నాయనా, ముందర మూడు దినాలు రుద్దాల" అన్నాడు. ఆయన చెప్పినట్టే ఇంట్లోనే చేసుకున్నాను, ఇప్పటికి మూడు వేసవులు గడిచాయి, అంచు కూడా లేవలేదు. చేసిన వరసలోనే చెప్తాను.

ముందు మీ రిమ్ము ఏదో తేల్చుకోండి

మెరిసేదంతా ఒకటే రకం కాదు. వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్లగా టకటకమంటే అది ప్లాస్టిక్ వీల్ కవరు, దాని మీద క్రోమ్ పూత. దానికి ప్లాస్టిక్ ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే పూత) వేరే ఉంటుంది, ఇక్కడ చెప్పే గరుకు పేపర్లు దానికి వాడితే గీతలు లోతుగా పడి పాడవుతుంది. తట్టితే గట్టిగా మోగింది అనుకోండి, అయస్కాంతం పెట్టండి. గట్టిగా లాగి అతుక్కుంటే ఇనుప రిమ్ము, లేకపోతే అల్లాయ్. రెండింటికీ పని దాదాపు ఒకటే, కాకపోతే ఇనుములో తుప్పు వెతకాలి, అల్లాయ్‌లో తెల్ల పిండి వెతకాలి. ఆ పిండి అల్యూమినియం తినేసిన గుర్తు.

ఇంకో మాట. రిమ్ముకు పగులు ఉన్నా, అంచు వంగి ఉన్నా రంగు గురించి ఆలోచించడం ఆపేయండి. పుట్టీ పెట్టి కప్పేసి రంగు కొడితే పగులు కనపడకుండా పోతుంది కానీ నేషనల్ హైవే మీద వంద స్పీడులో అది అక్కడే ఉంటుంది. చిన్న గీతలు, ఫుట్‌పాత్‌కు రాసుకున్న గరుకులు అయితే సరే, వాటికి పుట్టీ పెట్టుకోవచ్చు.

క్రోమ్ మీద రంగు ఎందుకు నిలవదు

ఇది అర్థమైతే మిగతా పని విసుగు లేకుండా చేస్తారు. క్రోమ్ పూత అంటే మామూలుగా ఒక్క పొర కాదు. చాలావాటిలో అడుగున రాగి, దాని మీద నికెల్, అన్నిటికన్నా పైన క్రోమియం. ఆ క్రోమియం పొర ఎంత పల్చన అంటే చాలావరకు ఒక మైక్రాన్ కూడా ఉండదు. మన తల వెంట్రుక మందం యాభై నుంచి వంద మైక్రాన్లు, లెక్క మీరే వేసుకోండి. అంత పల్చనైనా అది చాలా గట్టిది, చాలా నున్నది, రంగు పట్టుకోవడానికి దానిలో గరుకూ లేదు, రంధ్రమూ లేదు. గచ్చు గోడకు సున్నం పట్టినట్టు గాజు పలకకు పట్టదు కదా, అదే సంగతి. కాబట్టి మనం చేయాల్సింది ఆ నునుపును చంపడం. మెరుపు మిగిలిన ప్రతి చోటా రేపు రంగు లేస్తుంది, ఇందులో అనుమానం అక్కర్లేదు.

పొక్కులు లేచిన క్రోమ్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పూత కింద తుప్పో పిండో పుట్టి పైపొరను ఎత్తుతూ ఉంటుంది. దాని మీద ఎంత మంచి రంగు వేసినా కింద లేచేది లేస్తూనే ఉంటుంది.

బాత్రూం కడిగే యాసిడ్‌లో ముంచితే క్రోమ్ పోతుందని కొందరు చెప్తారు, వీడియోలు కూడా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ యాసిడ్ క్రోమ్‌తో ఆగదు, అల్యూమినియంను కూడా తింటుంది, వచ్చే పొగ పీలిస్తే గొంతు, ఊపిరితిత్తులు మండిపోతాయి, ఆ నీళ్ళు మన కాలువలోకో మొక్కల్లోకో పోతాయి. మొత్తం క్రోమ్ తీసేయాలనిపించేంత పాడైపోయి ఉంటే, ప్లేటింగ్ చేసేవాళ్ళ దగ్గరే దాన్ని తీయించుకోండి, వాళ్ళకు దానికి తగ్గ ఏర్పాట్లు ఉంటాయి.

సరుకులు

వాటర్ పేపర్లు 80, 180, 320, 800 నంబర్లలో. 180 మాత్రం రెట్టింపు తీసుకోండి, క్రోమ్ గట్టిదనానికి పేపరు త్వరగా అరిగిపోతుంది, అరిగిన పేపరుతో రుద్దితే చేయి నొప్పే తప్ప పని జరగదు. పాత్రలు తోమే లిక్విడ్ సబ్బు, వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్, నూలు పోగులు రాలని గుడ్డలు, మంచి మాస్కింగ్ టేపు (సస్తా టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది), ఎపాక్సీ ప్రైమర్ దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌తో, బేస్ కోటు రంగు, టూకే (2K, రెండు భాగాలు కలిపి వాడేది) క్లియర్, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన మెరుపు పూత, దాని హార్డెనర్‌తో, తగిన థిన్నర్. గన్నూ కంప్రెసరూ లేకపోతే ఇవన్నీ స్ప్రే డబ్బాల్లో కూడా దొరుకుతాయి. 400 ఎంఎల్ డబ్బాలైతే నాలుగు రిమ్ములకు ప్రైమర్ రెండు, రంగు మూడు నాలుగు, క్లియర్ మూడు దాకా పడతాయి. క్లియర్ డబ్బా కొనేటప్పుడు టూకే రాసి ఉన్నదే అడగండి. దాని అడుగున ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది, కలిసాక గంటల లెక్కే, దాచుకోవడానికి కుదరదు. మామూలు క్లియర్ డబ్బా చవగ్గా వస్తుంది కానీ దాని మీద పెట్రోలు చుక్క పడితే చాలు మెత్తబడుతుంది.

మాస్క్ గురించి గట్టిగా చెప్తున్నాను. టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెప్పిస్తాయి, ఒకసారి ఒంటికి పడకుండా పోతే జీవితాంతం పడవు. మూతికి కర్చీఫో, కరోనా నాటి సర్జికల్ మాస్కో కట్టుకుంటే ఆవిరి ఆగదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు ఉన్న రెస్పిరేటర్, కళ్ళద్దాలు, గ్లవ్స్ పెట్టుకుని, గాలి ఆడే ఆరుబయటే కొట్టండి. మూసిన గదిలో, గ్యారేజీలో కొట్టాలంటే బయటి నుంచి గాలి అందించే మాస్క్ కావాలి, అది మన దగ్గర ఉండదు కాబట్టి ఆ పని పెయింటర్‌కే వదిలేయండి. పిల్లల్ని ఆ పూట అమ్మమ్మ ఇంటికి పంపించేయండి.

రంగు కలిపించడం

డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీదో, బానెట్ లోపల పలక మీదో రంగు కోడ్ ఉంటుంది, బండిని బట్టి చోటు మారుతుంది. ఉదాహరణకు మారుతి సిల్కీ సిల్వర్‌కు జెడ్‌2ఎస్ అని ఉంటుంది. ఆ కోడ్ చెప్తే రంగు కలిపే షాపులో కలిపి ఇస్తారు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. కోడ్ ప్రకారం వచ్చేది ఫ్యాక్టరీలో బండి పుట్టిన నాటి రంగు. పదేళ్ళు రాయలసీమ ఎండలో నిలబడిన బండి ఆ రంగులో ఉండదు, అందులోనూ ఎరుపు బాగా వెలిసిపోతుంది. నా బండిది టమోటా ఎరుపు కాస్తా ఇటుక ఎరుపుకు దిగింది. అందుకే పెట్రోల్ ట్యాంకు మూత విప్పి తీసుకుపోయి షాపులో ఇచ్చాను, దాన్ని పాలిష్ చేసి, దానికే సరిపెట్టి కలిపారు. కాగితం మీద చూసి ఒప్పుకోవద్దు. చిన్న రేకు ముక్క మీద కొట్టించి, క్లియర్ కూడా వేయించి, ఎండలోకి తెచ్చి మూత పక్కన పెట్టి చూడండి. ట్యూబ్ లైటు కింద ఒకటిగా కనపడినవి ఎండలో వేరైపోతాయి.

పెరల్ తెలుపు బండి అయితే రంగు రెండు విడతలు, కింద తెలుపు, దాని మీద పెరల్ పొర, ఆ తర్వాతే క్లియర్. మొదటిసారి చేసేవాళ్ళకు అది కష్టం, పెరల్ పొర కాస్త ఎక్కువ పడినా షేడ్ మారిపోతుంది. నా అభిప్రాయం అడిగితే తెల్ల బండికి తెల్ల రిమ్ము వద్దంటాను, బ్రేకు పొడి, ఎర్రమన్ను కలిసి నాలుగు రోజులకే టీ మరక పడినట్టు అవుతుంది. ఎరుపు, నీలం, బూడిద, గోధుమ రంగు బండ్లకు మాత్రం ఒంటి రంగు రిమ్ములు చాలా బాగుంటాయి, మధ్యలో సెంటర్ క్యాప్ ఒక్కటి క్రోమ్‌గానే ఉంచేస్తే ఇంకా బాగుంటుంది.

రిమ్ము విప్పడం

బండిని జాకీ మీద రోజుల తరబడి నిలబెట్టకూడదు. మెకానిక్ దగ్గర యాక్సిల్ స్టాండ్లు అడిగి తెచ్చుకోండి. మన ఇళ్ళ ముందర ఎక్కువగా కడప బండలే, వాటి మీద స్టాండు కాలు నేరుగా ఆనితే బరువంతా ఒక్క చోట పడి బండ పగలొచ్చు, కింద మందపాటి చెక్క పలక వేయండి. రోజూ బండి కావాలనుకునేవాళ్ళు పాత ఇనుప రిమ్ములు, టైర్లు నాలుగు ఎక్కడైనా వారం రోజులకు అడిగి తెచ్చుకోవడం మేలు.

టైరు మొత్తం విప్పించండి. రిమ్ము మీదే ఉంచి చేసేవాళ్ళు ఉన్నారు, గాలి కాస్త తగ్గించి టైరుకూ రిమ్ముకూ మధ్య పాత పెళ్ళి పత్రికలు చుట్టూ దోపితే టైరుకు రంగు అంటకుండా బాగానే ఆగుతుంది. కానీ క్రోమ్ రిమ్ముల్లో టైరు అంచు కూర్చునే చోటే పూత ముందుగా లేస్తుంది. వారం వారం గాలి తగ్గిపోతుంది, పంచరు షాపులో తొట్టిలో ముంచినా బుడగ కనపడదు అని చాలామంది తిరుగుతుంటారే, దానికి తరచూ కారణం అక్కడ లేచిన ఆ పెచ్చులే. టైరు విప్పితేనే అది కనపడుతుంది, గీకి నున్నగా చేయగలం. వాల్వు కూడా విప్పేయించి కొత్తది వేయించుకోండి, లోపల అతికించిన బ్యాలెన్సింగ్ బరువులు తీసేయండి.

కడగడం, మన నీళ్ళ సంగతి

సబ్బు నీళ్ళతో ముందూ వెనకా కడగాలి, బ్రేకు పొడి గట్టిగా అతుక్కున్న చోట పాత టూత్ బ్రష్ వాడండి. తారు చుక్కలుంటే తారు తీసే లిక్విడ్‌తో తీయండి. టైరు పాలిష్ రాసే అలవాటున్నవాళ్ళు ఈ కడిగే పని రెండుసార్లు చేయాలి, అందులో సిలికాన్ ఉంటే తర్వాత రంగులో చేప కళ్ళలాగా చిన్న చిన్న గుంటలు పడతాయి, ఒకసారి పడితే మళ్ళీ రుద్ది మొదటికి రావాల్సిందే. పెట్రోలు, డీజిల్, కిరోసిన్‌తో తుడవొద్దు, అవి జిడ్డు తీసినట్టే తీసి వేరే జిడ్డు వదులుతాయి.

ఆఖరి కడుగు మాత్రం బోరు నీళ్ళతో వద్దు. మన అనంతపురం బోరు నీళ్ళు ఆరిపోయాక స్టీలు గిన్నె మీద తెల్లటి మరక వదులుతాయి కదా, అదే ఉప్పు రిమ్ము మీద కూడా మిగులుతుంది. రంగు కింద ఉప్పు మిగిలితే తేమ లాగి కొన్నాళ్ళకు పొక్కు లేపుతుంది. ప్లాంటు నీళ్ళ క్యాను ఒకటి పక్కన పెట్టుకోండి, ఇరవై లీటర్లు నాలుగు రిమ్ములకు రెండు కడుగులు వస్తాయి. తర్వాత రుద్దాక కూడా ఆ నీళ్ళతోనే ఆఖరి కడుగు.

రుద్దడం

ఇదే మూడు రోజుల పని. ఎప్పుడూ తడిగానే రుద్దాలి. పొడిగా రుద్దితే నికెల్, క్రోమియం పొడి గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది మంచిది కాదు. గ్రైండర్ పెట్టి వేగంగా అవగొడదాం అని కూడా అనుకోవద్దు. రుద్దిన బురద నీళ్ళు మొక్కల్లో పోయకుండా గుడ్డతో ఎత్తి పారేయండి.

పొక్కులున్న చోటు ముందు. చిన్న స్క్రాపర్‌తో లేచిన పెచ్చునంతా ఊడదీయండి, గట్టిగా ఉన్నచోట ఆగే దాకా ఊడదీయాలి. అక్కడ అంచు మిగులుతుంది, పగిలిన గుడ్డు పెంకు అంచులాగా పదునుగా. 80 నంబరుతో ఆ అంచును చుట్టూ రెండు మూడు అంగుళాల వెడల్పున పల్లంగా సాగదీస్తూ రుద్దండి. ఎప్పుడు చాలో కళ్ళు చెప్పవు, గోరు చెప్తుంది. కళ్ళు మూసుకుని గోరును లోహం మీద నుంచి క్రోమ్ మీదికి మెల్లగా లాగండి, ఎక్కడైనా టక్కుమని తగిలితే ఇంకా రుద్దాలి. బాగా రుద్దిన అంచు దగ్గరగా చూస్తే చాలా అందంగా ఉంటుంది: మధ్యలో బూడిద రంగు లోహం, దాని చుట్టూ కొన్నిట్లో రాగి ఎరుపు సన్నటి గీత, దాని చుట్టూ పసుపు ఛాయ ఉన్న నికెల్, ఆ వెలుపల నీలి ఛాయ క్రోమ్, చెట్టు మాను కోసినప్పుడు కనపడే వలయాల్లాగా. ఆ వలయాలు వెడల్పుగా కనపడితే అంచు చక్కగా సాగిందని లెక్క, సన్నగా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే ఇంకా పని ఉందని. తెల్ల పిండి ఉన్న గుంటల్లో ఒక్క రవ్వ కూడా మిగలకూడదు.

బాగున్న క్రోమ్ మీద 180తో మొదలుపెట్టి మెరుపంతా పోయేదాకా, ఆ తర్వాత 320తో గీతలు సన్నం అయ్యేదాకా. వెడల్పు జాగాల్లో చిన్న రబ్బరు ముక్కకు పేపరు చుట్టుకోండి. ఆకుల (స్పోకుల) పక్కలు, నట్ల గుంటలు, ఆకు అంచు మూల తిరిగే చోటు, ఇవే అందరూ వదిలేసేవి, నా మొదటి రంగు లేవడం మొదలైంది కూడా ఆకు పక్క నుంచే. అక్కడ పేపరును సన్నగా పట్టీలు చింపి, బూటు పాలిష్ చేసేటప్పుడు గుడ్డ అటూ ఇటూ లాగుతారే, అలా లాగండి.

అయిపోయిందో లేదో చూడ్డానికి ఎండలో రిమ్మును మెల్లగా తిప్పండి, ఎక్కడా మీ ముఖం నీడ కూడా కనపడకూడదు, మొత్తం మసక బూడిద రంగు. తర్వాత నీళ్ళు చల్లండి. నీళ్ళు చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటే ఇంకా జిడ్డు ఉన్నట్టు, పల్చటి పొరలా పరుచుకుని నిలిస్తే రంగుకు సిద్ధం.

ఎప్పుడు కొట్టాలి

వానాకాలం తేమలో పని జరగదని వేరే ఊళ్ళవాళ్ళు ఇబ్బంది పడుతుంటారు, మనకు వాన తక్కువ కాబట్టి ఆ బాధ తక్కువే. మన శత్రువులు వేరు, గాలి, దుమ్ము, ఎండ. ఆషాఢం గాలుల్లో అసలు పెట్టుకోవద్దు. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. నడివేసవి మధ్యాహ్నం కూడా వద్దు, ఎండలో పెట్టిన రిమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, దాని మీద పడిన రంగు పరుచుకునే లోపే ఆరిపోయి పొడిపొడిగా గరుకు తేలుతుంది. సంక్రాంతి తర్వాత శివరాత్రి లోపల, పొద్దున మంచు ఆరాక తొమ్మిది నుంచి పదకొండు మధ్య నాకు బాగా కుదిరింది. ఎండాకాలంలోనే చేయాల్సి వస్తే తెల్లారి ఆరున్నరకు మొదలుపెట్టి, షాపులో స్లో థిన్నర్, స్లో హార్డెనర్ అడిగి తెచ్చుకోండి.

కొట్టే చోట ముందు ఊడ్చి, కల్లాపి చల్లినట్టు నేల తడపండి, దుమ్ము లేవదు. మీద పాత చీరో ప్లాస్టిక్ షీటో పందిరిలా కట్టుకుంటే ఆకులు, పురుగులు పడవు, పక్కలు మాత్రం తెరిచే ఉంచాలి. పక్కింటి వాళ్ళ బండి దగ్గర్లో ఉంటే ముందే చెప్పి జరపమనండి, స్ప్రే పొగ చాలా దూరం పోతుంది.

ప్రైమర్

రిమ్మును గ్రీజ్ రిమూవర్‌తో తుడవండి, ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి. ఇక్కడి నుంచి ఒట్టి చేతితో తాకొద్దు.

ఇప్పుడు రంగు పడకూడని చోట్లు మూయాలి, ఇది ప్రాణం సంగతి కాబట్టి నిదానంగా చదవండి. వెనకవైపు రిమ్ము, బండి వైపు దాన్ని మోసే హబ్‌కు ఆనే సమతల భాగం, నట్లు కూర్చునే పల్లాలు, ఈ రెండు చోట్లా మందంగా రంగు పడకూడదు. రంగు పొర మీద నట్టు బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, బండి తిరిగే కొద్దీ వేడికి, బరువుకు ఆ పొర నలిగి పల్చబడి నట్టు వదులవుతుంది. నట్టు గుంటల్లో పేపరు ఉండలు గట్టిగా దోపండి, హబ్ భాగం టేపు వేయండి. టైరు కూర్చునే అంచులో కూడా పల్చటి ప్రైమర్ చాలు, రంగు మీద రంగు వేసి మందం చేయొద్దు.

ఎపాక్సీ ప్రైమర్, హార్డెనర్ డబ్బా మీద రాసిన కొలతలోనే కలపాలి, కళ్ళతో అంచనా వేయొద్దు, గీతలున్న ప్లాస్టిక్ కప్పు వాడండి. రిమ్మును పాత రంగు డబ్బా మీదో, బోర్లించిన బకెట్టు మీదో పెట్టి తిప్పుకుంటూ కొట్టండి. మొదటి కోటు పల్చగా, పూర్తిగా కప్పాలన్న ఆత్రం వద్దు. డబ్బా మీద రాసినంత సేపు ఆగి రెండోది నిండుగా. యాసిడ్ ఎచ్ ప్రైమర్ ముందు కొట్టి దాని మీద ఎపాక్సీ కొట్టమని కొందరు షాపుల్లో చెప్తారు, ఆ రెండూ పడవు, ఎపాక్సీ ఒక్కటే చాలు.

గుంటలు మిగిలి ఉంటే ఎపాక్సీ ఆరాక కొంచెం పుట్టీ పెట్టి, రుద్ది, దాని మీద మళ్ళీ కాస్త ప్రైమర్. మరుసటి రోజు 800 పేపరుతో తడిగా మెత్తగా రుద్ది, ప్లాంటు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. మూలల్లో నీళ్ళు దాక్కుంటాయి, వాల్వు రంధ్రం దగ్గర ముఖ్యంగా, అక్కడ గుడ్డ దూర్చి తుడవండి.

రంగు, క్లియర్

ఇక గంట పని. ముందు ఆకుల పక్కలు, లోపలి మూలలు కొట్టి, ఆఖర్న ఎదురు ముఖం కొట్టండి. ఎదురు ముఖం నిండేలా కొట్టి తర్వాత పక్కలు కొడితే ముఖం మీద పొగ పడి గరుకవుతుంది. డబ్బా అయితే జానెడు దూరం, అంటే ఇరవై ఇరవై ఐదు సెంటీమీటర్లు. చెయ్యి ఆగకుండా కదులుతూ ఉండాలి, రిమ్ము అంచు దాటాకే బటన్ వదలాలి. ఎరుపు, పసుపు రంగులు పల్చగా కప్పుతాయి, మూడు నాలుగు కోట్లు పడతాయి, మూడో కోటుకే రాలేదని ఒకేసారి కుమ్మరిస్తే కారిపోతుంది. కోటుకూ కోటుకూ మధ్య పది పదిహేను నిమిషాలు. మెటాలిక్ రంగైతే ఆఖరి కోటు కాస్త దూరం నుంచి పల్చగా చల్లినట్టు కొట్టండి, మెరుపు రవ్వలు అంతటా ఒకేలా పడతాయి, లేకపోతే ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా చారలు కనపడతాయి.

రంగు మసకగా ఆరుతుంది, కంగారు పడొద్దు, మెరుపు క్లియర్‌తోనే వస్తుంది. క్లియర్ రెండు కోట్లు, మొదటిది మధ్యస్థంగా, రెండోది తడి తడిగా నిండుగా. రెండో కోటు కొట్టేటప్పుడు రిమ్మును పక్క నుంచి వాలుగా చూస్తూ కొట్టండి, వెలుతురు దాని మీద నీళ్ళలా జారుతూ కనపడాలి. కారితే వెంటనే గుడ్డ పెట్టకండి, పూర్తిగా గట్టిపడ్డాక రుద్ది పాలిష్ చేసుకోవచ్చు. దోమ పడినా అంతే, వదిలేయండి.

టేపులు క్లియర్ పూర్తిగా గట్టిపడక ముందే, గంటలోపు మెల్లగా వాలుగా లాగేయండి, ఆలస్యమైతే అంచుతో పాటు రంగు లేస్తుంది.

ఆరడం, బిగించడం

మరుసటి రోజుకే చేతికి గట్టిగా తగులుతుంది, అందుకే అందరూ తొందరపడతారు. కనీసం ఐదారు రోజులు ఆగండి, వారం అయితే ఇంకా మంచిది. లోపల ఇంకా మెత్తగా ఉన్న రంగు మీద టైరు మిషన్ కోర పడితే చంద్రవంకలాగా గీత పడుతుంది. టైరు ఎక్కించేటప్పుడు మీరు పక్కనే ఉండండి, "తమ్ముడూ, కొత్త రంగు, ప్లాస్టిక్ గార్డు పెట్టి ఎక్కించు" అని ముందే చెప్పండి, అంచుకు సబ్బు నీళ్ళు బాగా రాయమనండి. బ్యాలెన్సింగ్ తప్పకుండా చేయించండి, అంచుకు కొట్టి బిగించే బరువులు కాకుండా లోపల అతికించేవి వేయమనండి. కొట్టి బిగించేవి రంగును అక్కడే పగలగొడతాయి.

నట్లు ముందు చేత్తో తిప్పి, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న వరసలో బిగించండి. చిన్న కార్లకు నట్టు బిగువు (టార్క్) ఎక్కువగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి. గాలి గన్నుతో బర్రుమని బిగించనివ్వొద్దు, రంగు చిట్లుతుంది, బిగువు కూడా ఎంతో తెలియదు. స్పానర్ గొట్టం చుట్టూ టేపు చుడితే గుంట అంచులు గీసుకోవు. యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి టార్క్ చూడండి. నేను గుత్తి దాకా పోయి వచ్చి చూశాను, రెండు నట్లు కాస్త తిరిగాయి.

మొదటి నెల యాసిడ్ వీల్ క్లీనర్లు వాడకండి, వాటర్ సర్వీస్‌కు ఇస్తే ప్రెషర్ గన్ను రిమ్ముకు దూరంగా పట్టమనండి, మామూలు షాంపూ నీళ్ళు చాలు. బండి ఆగగానే వేడి రిమ్ము మీద చల్ల నీళ్ళు పోయకండి. నెల దాటాక వ్యాక్స్ రాస్తే బ్రేకు పొడి అంతగా అతుక్కోదు.

మిగిలిన బేస్ రంగును, హార్డెనర్ కలపనిదాన్ని, చిన్న గాజు సీసాలో నిండుగా పోసి మూత బిగించి, కోడ్, తేదీ రాసి ఎండ తగలని చోట పెట్టుకోండి. రాయి తగిలి చిన్న చిప్పు లేచినప్పుడు గోళ్ళ రంగు బ్రష్షుతో ఒక చుక్క పెట్టి, ఆరాక దాని మీద క్లియర్ చుక్క పెడితే నీళ్ళు లోపలికి పోవు.